బురద బాటలు – సైకిలు టైర్లు

పెద్దవాన వెలసిన మరునాడు పొలము గట్టున సైకిలు త్రొక్కినవారికెల్ల ఒక సంగతి తెలియును. మొదట పది బారల దూరము బండి బాగుగనే నడచును. పిదప ఎంత త్రొక్కినను వెనుక చక్రము ఉన్నచోటనే గిరగిర తిరుగును. ముందు చక్రము త్రిప్పిన దిక్కునకు పోక తనకు తోచిన దిక్కునకు జారును. దిగి చూచినచో టైరు కనబడదు. దానిచుట్టును అంగుళము మందమున మన్ను పట్టి, చక్రమును మట్టితోనే చేసిరా యనునట్లుండును. మడ్గార్డు సందున మన్ను బిగుసుకొని చక్రము కదలక, తుదకు సైకిలును భుజముపై వేసికొని నడచి రావలసియుండును.

తన్ను మోయవలసిన బండిని తానే మోసికొని వచ్చినవాడు బురదను తిట్టుకొనుట సహజము. కాని తప్పు బురదది మాత్రమే కాదు, టైరుది కూడ. ఊళ్లలో తిరుగు సాధారణ సైకిలు టైరు గట్టిబాట కొరకు చేయబడినది. దానిపై నుండు సన్నని గీతలు తారురోడ్డునకు చాలును. బురదలో అవి రెండు చుట్లు తిరుగకముందే పూడిపోవును. బురదలో నడచుటకే చేయబడిన టైర్లు వేరుగా కలవు. వానిని ఎన్నుకొనుట అనుకొన్నంత సులభము కాదు. ఏలయన, బురద యంతయు ఒక్కటి కాదు. ఒకచోట మనుష్యుని నిలబెట్టిన టైరే వేరొకచోట పడద్రోయును.

ఇట్టి టైర్ల అవసరము కొండదారులలో సైకిలు నడపు క్రీడవలన కలిగినది. సైకిలునకు గాలి టైరు మాత్రము అంతకు చాల ముందే వచ్చినది. బెల్ఫాస్టు నగరమున పశువైద్యుడుగా నుండిన జాన్ బాయిడ్ డన్లప్ 1888లో తన కుమారుని మూడు చక్రముల బండి కొరకు గాలి టైరును తయారుచేసెను. అంతకు నలువది మూడేండ్ల ముందే, 1845లో, రాబర్టు విలియం థామ్సన్ అను స్కాట్లండు దేశీయుడు అట్టి టైరునకు పేటెంటు పొందియుండెను. పెడళ్ల సైకిలు వాడుకలోనికి రాని ఆ కాలమున దానిని ఎవరును పట్టించుకొనలేదు. డన్లప్ టైరు వచ్చిన పిదప ఎనుబదియేండ్లకు పైగా సైకిలు ప్రధానముగా రోడ్డుబండిగనే యుండెను.

1970వ దశకమున అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, శాన్ ఫ్రాన్సిస్కో నగరమునకు ఉత్తరముననున్న మెరీన్ జిల్లాలో కొందరు యువకులు, 1930, 1940 ప్రాంతముల నాటి పాత లావు టైర్ల సైకిళ్లను సంపాదించి, తమాల్పయిస్ పర్వత ప్రాంతపు మట్టిదారుల వెంబడి క్రిందికి పరుగెత్తించుట మొదలు పెట్టిరి. 1976 అక్టోబరు 21న వారు 'రీప్యాక్' అను పందెమును ఆరంభించిరి. ఏటవాలున దిగుచు బ్రేకు వేసి వేసి, వెనుక చక్రపు హబ్బు కాగిపోయి అందలి గ్రీజంతయు పొగయై పోయెడిది. పిదప హబ్బును విప్పి మరల గ్రీజు కూరవలసి వచ్చెడిది. ఆంగ్లమున అట్లు తిరిగి కూరుటనే రీప్యాక్ అందురు. పందెమునకును, ఆ దారికిని అదే పేరైనది. 1977లో జో బ్రీజ్ అను నాతడు ఇట్టి దారుల కొరకే క్రొత్త చట్రమును నిర్మించెను. 1981లో ఇట్టి సైకిళ్లు పెద్దసంఖ్యలో అమ్మకమునకు వచ్చినవి. 1996లో ఈ క్రీడ ఒలింపిక్ పోటీలలో చేరినది.

క్రీడ పుట్టిన ఆ కొండలు వేసవిలో ఎండి, దుమ్ము రేగుచుండును. కనుక మొదటి టైర్లు దుమ్మును, గులకరాళ్లను తలచి చేసినవే. ఆ సైకిలు ఇంగ్లండు చేరినప్పుడు కథ మారినది. అచ్చట వాన ఒక ఋతువునకు కట్టుబడదు. పైగా 1968 నాటి గ్రామసీమల చట్టము గుఱ్ఱపు బాటలపై సైకిలు నడపుటకు హక్కునిచ్చినది. గుఱ్ఱములు నడచిన తడిదారి ఎట్లుండునో ఊహింపవచ్చును. డెక్కలు దిగిన ప్రతి గుంటలోను నీరు నిలిచి, దారి పొడుగునను మన్ను కుమ్మరి మట్టివలె తొక్కబడి యుండును. శీతకాలము నాలుగైదు నెలలు సైకిలును మూలబెట్టుటకు ఇష్టపడనివారు బురద టైరును గూర్చి ఆలోచింపక తప్పినది కాదు.

బురద టైరును చేతిలోనికి తీసికొన్న క్షణముననే దాని భేదము తెలియును. టైరు మీద రబ్బరు బుడిపెలు నిలిచియుండును. పొడిదారి టైరుపై ఇవి రెండు మూడు మిల్లీమీటర్లకు మించక, ఒకదానినొకటి ఒరసికొనునంత దగ్గరగా ఉండును. బురద టైరుపై అవి ఆరేడు మిల్లీమీటర్ల ఎత్తుండి, నాటిన నారువలె ఎడమెడముగా నిలుచును. కొన్ని పోటీ టైర్లపై అవి మొనదేలి మేకులను పోలియుండును. ఈ ఎత్తును, ఈ ఎడమును ఊరక కల్పించినవి కావు. ఈ రెంటి పనులును వేరు వేరు.

ఎత్తు నేలను అందుకొనుటకు. బురద ఎంత జారుడైనను దాని అడుగున ఎక్కడనో ఒకచోట గట్టినేల యుండును. బుడిపె ఆ బురదను చీల్చుకొని గట్టినేలను గ్రుచ్చిననే చక్రమునకు పట్టు దొరకును. ఇది పల్లెలలో ఎరుగని విషయము కాదు. జారుడు గట్టుపై నడచువాడు చెప్పులు విడిచి, కాలివ్రేళ్లను ముడిచి నేలలోనికి దించి నడచును. గోదావరి, కృష్ణా డెల్టాలలో వరిమళ్లను దమ్ము చేయు ట్రాక్టర్లకు ఇనుప పట్టీల చక్రములు తగిలించుటలోను ఈ సూక్ష్మమే ఉన్నది. నున్నని చక్రము బురదపై తేలి జారును. పట్టీ బురదలో దిగి, వెనుకనున్న మన్నును నెట్టి బండిని ముందునకు త్రోయును.

బుడిపెల నడిమి ఎడము బురదను వదలించుకొనుటకు. గ్రుచ్చిన బుడిపె పైకి లేచునప్పుడు మన్ను దానితోకూడ లేచును. బుడిపెలు దగ్గరగా నున్నచో ఆ మన్ను రెంటి నడుమ వంతెనవలె నిలిచి గట్టిపడును. మరుసటి చుట్టులో దానిపై మరియొక పొర. ఇట్లు నాలుగు చుట్లలో టైరు మట్టిముద్దయై, ఏడు మిల్లీమీటర్ల బుడిపెలున్నను లేనట్లే యగును. ఎడముగా నున్నచోట మన్నునకు పట్టు చాలదు. బుడిపె నేలను తాకినప్పుడు కొంచెము వంగి, విడిచినప్పుడు మరల నిలుచుటవలన మన్ను వదులగును. చక్రము తిరుగు వేగమున అది విసరివేయబడును.

ఈ విసరుటలో వేగమునకున్న పాత్రను లెక్కవేసి చూచుట ఉపయోగకరము. 29 అంగుళముల చక్రమునకు టైరుతో కూడిన వ్యాసార్ధము సుమారు 37 సెంటీమీటర్లు. సైకిలు గంటకు 15 కిలోమీటర్ల వేగముతో పోవునప్పుడు టైరుపైనున్న మన్నును వెలుపలికి విసరు త్వరణము, వేగపు వర్గమును వ్యాసార్ధముతో భాగింపగా, భూమ్యాకర్షణకు దాదాపు ఐదు రెట్లగును. గంటకు 5 కిలోమీటర్ల వేగమున అది భూమ్యాకర్షణలో సగము మాత్రమే. వేగము మూడవ వంతు కాగా, విసరు బలము తొమ్మిదవ వంతునకు పడిపోయినది. ఎగువకు మెల్లగా ఎక్కుచున్నప్పుడు చక్రమునకు మన్ను పట్టుటయు, పల్లమున దిగునప్పుడు ఆ మన్నే చొక్కా వెనుకభాగమంతయు చిందుటయు ఇందువలననే. బురదలో చక్రము బిగియుచున్నదని తోచినప్పుడు అనుభవజ్ఞులు నెమ్మదింపక, వీలైనచో నాలుగు త్రొక్కులు వేగముగా త్రొక్కుదురు. క్రొత్తవారు భయపడి నెమ్మదించి, ఆ భయముచేతనే ఇరుకుకొందురు.

ఇక బురదలోని భేదములు. టైరును ఎన్నుకొనుటలో తొలి ప్రశ్న అంగడిలో పుట్టదు, దారిమీద పుట్టును: బురద క్రింద ఏమున్నది?

వాన వెలసిన వెంటనే గట్టిదారిపై నిలుచు పలుచని బురద ఒకటి. ఇది చూచుటకు భయంకరముగా నుండి, నిజమునకు తేలికైనది. రెండు మూడు అంగుళముల క్రింద నేల గట్టిగా నుండును. దీనికి సన్నని టైరు మేలు. సన్నని టైరు కత్తివలె బురదను కోసికొని అడుగును చేరును; వెడల్పు టైరు పడవవలె పైపైన తేలి ప్రక్కలకు జారును. బెల్జియము మొదలగు దేశములలో శీతకాలమున సైక్లోక్రాస్ అను బురదపందెము జనాదరము పొందినది. దానిలో టైరు వెడల్పు 33 మిల్లీమీటర్లకు మించరాదని అంతర్జాతీయ సైకిలు సంఘపు నియమము. అంత సన్నని టైర్లతో పందెగాండ్రు మోకాలివరకు బురద చిందు మైదానములలో పోవుదురు. పోలేనిచోట సైకిలును భుజమున వేసికొని పరుగెత్తుదురు. ఆ క్రీడలో అదియు ఒక విద్యయే.

అడుగు అందని మెత్తని నేల రెండవది. స్కాట్లండు ఎత్తుప్రదేశములలో ఇట్టివి కలవు. వేలయేండ్లుగా సగము క్రుళ్లిన నాచు, గడ్డి పొరలుపొరలుగా పేరుకొని నీటితో నిండియుండును. దీనిని పీట్ అందురు. ఇక్కడ సన్నని టైరు కోసికొని పోవును గాని, చేరవలసిన అడుగు లేదు, ఇరుసువరకు దిగబడును. కనుక వెడల్పు టైరును తక్కువ గాలితో వాడి, బరువును ఎక్కువచోటికి పరచి, పైన తేలుటయే ఉపాయము. మొదటి బురదలో దోషమైన తేలుట ఇక్కడ గుణమైనది.

అన్నిటికంటె మొండిది జిగటమన్ను. ఇంగ్లండు దక్షిణభాగమున వీల్డ్ అను ప్రాంతము దీనికి పేరు పడినది. తెలుగు పాఠకులకు ఇంత దూరము పోనక్కరలేదు. కర్నూలు, ఆదిలాబాదు జిల్లాల నల్లరేగడి చాలును. బంకమట్టి కణములు మిల్లీమీటరులో అయిదువందలవ వంతుకంటె చిన్నవి. నల్లరేగడిలో ఎక్కువగా నుండు మాంటుమోరిలొనైటు అను ఖనిజము తన పొరల నడుమకు నీటిని చేర్చుకొని ఉబ్బి, అంటుగుణమును పొందును. ఇందొక విచిత్రము కలదు. పూర్తిగా తడిసి జారుడైన మన్నుకంటె, సగము ఆరిన మన్నే ఎక్కువగా అంటును. కావున జోరువానలో నడచిన సైకిలు, వాన వెలసి ఎండ కాచిన రెండవనాడు కదలకపోవచ్చును. ఇట్టి మన్నులో బుడిపెల ఎత్తుకంటె ఎడము ముఖ్యము. ఎంత ఎడమున్నను గెలుపు నిశ్చయము కాదు. టైరు మాటకంటె ఆ రెండు దినములు వేరొక దారిని వెదకుకొనుట తెలివి.

ఈ మన్నే మరియొక చిక్కు తెచ్చును. టైరునకును ఫోర్కునకును మధ్య, టైరునకును వెనుక చట్రమునకును మధ్య కొంత సందుండవలెను. చట్రము పట్టునంత లావు టైరును బిగించినవాడు పొడినేలపై సుఖముగా పోవును. బురదలో ఆ సందు నిండి చక్రమునకు బ్రేకు వేసినట్లగును. మన్నులో చిన్నరాయి చిక్కినచో చట్రపు గొట్టమును ఒరసి గాడి చేయుటయు కలదు. కనుక బురదకాలమునకు ఒక మెట్టు సన్నని టైరునకు మారువారు పట్టుకొరకే గాక ఈ సందుకొరకును మారుదురు. టైరు ప్రక్కన అచ్చువేసిన అంకెలను చూచి ఈ లెక్క కట్టవచ్చును. '60-622' అని యున్నచో టైరు వెడల్పు 60 మిల్లీమీటర్లు, రిమ్ముపై అది కూర్చుండు చోటి వ్యాసము 622 మిల్లీమీటర్లు. అంగడిలో 29 అంగుళములని వ్యవహరించునది ఈ 622, 27.5 అంగుళములది 584. పాత 26 అంగుళములది 559. ఇందు రెండవ అంకె కలియనిచో టైరు రిమ్మునకు పట్టదు. మొదటి అంకెను మాత్రము కొంత హెచ్చించుటకు, తగ్గించుటకు వీలున్నది.

ముందు వెనుక చక్రములకు ఒకే టైరు వేయవలెనను నియమము లేదు. అవి చేయు పనులు వేరు. వెనుక చక్రము జారినచో సైకిలు వంకరటింకరగా ఊగును. నేర్పరి దానిని సరిదిద్దుకొనును. ముందు చక్రము ప్రక్కకు జారినచో సరిదిద్దుటకు వ్యవధి యుండదు; రెప్పపాటున మనుష్యుడు నేలపై నుండును. కనుక ఒక్క బురద టైరు మాత్రమే కొనగల స్తోమత యున్నవాడు దానిని ముందు చక్రమునకు వేసికొనవలెను. వెనుక చక్రమునకు వేసినచో ఎక్కుడులో పట్టు పెరుగును గాని, దిగుడులో ప్రమాదము తగ్గదు. ఈ భేదమును తలచియే జపానుకు చెందిన పానారేసర్ సంస్థ 'డార్టు' అను టైరును ముందునకును, 'స్మోక్' అను దానిని వెనుకకును వేరుగా చేసెను. 1990వ దశకమున ఈ జంట మిక్కిలి ప్రసిద్ధము. ముందు టైరు బుడిపెలు బాణపు మొనలవలె దారి చూపునట్లుండును. వెనుక టైరు బుడిపెలు తెడ్లవలె అడ్డముగా నుండి మన్నును వెనుకకు నెట్టును. టైరు ప్రక్కన చక్రము తిరుగవలసిన దిక్కును సూచించు బాణపు గుర్తు ఉండును. దానిని చూడక తలక్రిందుగా బిగించువారు తక్కువమంది కారు.

దారిలో అంతయు మన్నే అయినచో కథ ఇంతటితో ముగియును. అడవిదారిలో చెట్ల వేళ్లును, తడిసిన రాళ్లును అడ్డము వచ్చును. బెరడు ఊడి నున్నబడిన వేరు వానలో సబ్బువలె జారును. దక్షిణ ఇంగ్లండులోని సుద్దకొండల దారియు అట్టిదే. పొడిగా నున్నప్పుడు తెల్లని రాతిబాట, తడిసినప్పుడు వెన్నపూసిన పళ్లెము. వీనిలో బుడిపె గ్రుచ్చుకొనదు. ఎత్తైన బుడిపె ఇట్టిచోట వంగి తడబడి మరింత జారును. ఇక్కడ ఆదుకొనునది రబ్బరు మెత్తదనము. రబ్బరు గట్టిదనమును షోర్ అను కొలతతో సూచింతురు. అంకె తగ్గినకొలది రబ్బరు మెత్తన. సాధారణ టైరు రబ్బరు 60 ప్రాంతమున నుండగా, తడిరాళ్ల కొరకు చేసినది 42 వరకు దిగును. మెత్తని రబ్బరు రాతి గరుకులలోనికి ఒదిగి పట్టుకొనును. దీనికి చెల్లింపవలసిన మూల్యమును ఉన్నది: అది త్వరగా అరుగును, త్రొక్కుటకు బరువు. ముందు చక్రము వెనుకదానికంటె నెమ్మదిగా అరుగును గనుక మెత్తనిదానిని ముందు వేసికొనుట లాభము. వేరును ఏటవాలుగా దాటుట మాత్రము ఏ రబ్బరుతోను క్షేమము కాదు. దానికి నిలువుగా ఎదురుపోయి, బ్రేకును తాకక దాటవలెను.

టైరెంత మంచిదైనను దానిలోని గాలి సరిగా లేనిచో ఫలము లేదు. పట్టణములలో సైకిలు టైరును రాయివలె గట్టిగా కొట్టించుట అలవాటు. బురదదారిలో ఆ అలవాటు పనికిరాదు. మనుష్యుడును సైకిలును కలిసి 80 కిలోగ్రాములనియు, ఆ బరువు రెండు చక్రములపై సమముగా పడుననియు అనుకొందురు గాక. ఒక్కొక్క చక్రముపై 40 కిలోగ్రాములు. టైరులో గాలి ఒత్తిడి చదరపు అంగుళమునకు 50 పౌనులైనచో టైరు సుమారు 11 చదరపు సెంటీమీటర్లమేర నేలను తాకును. 25 పౌనులైనచో 23 చదరపు సెంటీమీటర్లమేర తాకును. టైరు గోడల బిగువువలన ఈ లెక్కలో కొంత భేదము వచ్చును గాని, గాలి సగము చేసినచో తాకుచోటు రెట్టింపగునను మాట స్థూలముగా నిజము. అంత మేర ఎక్కువ బుడిపెలు పనిచేయును. టైరు వేళ్లపైనను రాళ్లపైనను ఒదిగి నడచును.

మరి గాలిని ఇంకను తీసివేయరాదా? తీసినచో మలుపులో టైరు ప్రక్కకు ఒరగును. రాతిపై పడినప్పుడు రిమ్ము నేలను తాకి, మధ్యనున్న ట్యూబు నలిగి రెండు ప్రక్కల చిల్లులు పడును. ఈ బాధను తప్పించుటకే ట్యూబు లేని టైర్లు వ్యాప్తిలోనికి వచ్చినవి. వీనిలో ట్యూబునకు బదులు రబ్బరుపాలు కలిసిన ద్రవమును కొంచెము పోయుదురు. ముల్లు గ్రుచ్చుకొన్నచోట ఆ ద్రవము గాలితోపాటు వెలికివచ్చి గడ్డకట్టి చిల్లును మూయును. నలుగుటకు ట్యూబే లేదు గనుక గాలిని 20 నుండి 28 పౌనుల నడుమ ఉంచి నడపుటకు చాలమందికి వీలగుచున్నది. పలుచని బురదను కోయవలసిన సన్నని టైరునకు మాత్రము మరీ తగ్గింపరు. మెత్తబడి వెడల్పైనచో దాని కోతగుణమే పోవును. బరువైనవారికి ఎక్కువ, తేలికవారికి తక్కువ గాలి కావలెను. ఇరుగుపొరుగువారిని అడిగి వారి అంకెను అట్లే వాడుకొనుట ఈ విషయమున పనికిరాదు. ఒక్కొక్క పౌను తగ్గించుచు అదే మలుపులో రెండు మూడు మారులు తిరిగి చూచుకొనవలెను.

ఇన్ని సంగతులు ఒకే నిమిషమున తేల్చుకొనవలసిన సందర్భము పోటీలలో వచ్చును. 2011 సెప్టెంబరులో స్విట్జర్లండులోని షాంపెరీ అను కొండ ఊరిలో దిగుడు పందెపు ప్రపంచ పోటీ జరిగినది. అది పాదచారులకే కష్టమైన నిట్టనిలువు అడవిదారి. దానికి తోడు వాన. వేళ్లు, రాళ్లు, బురద కలగలిసిన ఆ దారిలో పేరుపొందినవారు జారిపడిరి. పందొమ్మిదేండ్ల ఆంగ్లేయుడు డానీ హార్టు మాత్రము వేగము తగ్గింపక దిగి, రెండవవానికంటె పదకొండు సెకండ్లకు పైగా ముందు గమ్యము చేరెను. సెకండులో పదవ వంతుతో గెలుపోటములు తేలు ఆటలో ఇది అపూర్వమని చూచినవారు అబ్బురపడిరి. టైరొక్కటియే గెలిపించెనని ఎవరును చెప్పజాలరు. ధైర్యమును, నేర్పును టైరు ఈయలేదు. అయినను పట్టులేని చక్రముపై ఆ ధైర్యము చూపుటకు వీలులేదు.

అట్టి పోటీలకు ముందు మరమ్మతుగాండ్రు చేయు పని యొకటి చూడదగినది. ఉదయము బురదగా నున్న దారి మధ్యాహ్నమునకు సగము ఆరును. మేకు బుడిపెల టైరు అప్పటికి ఎక్కువ, పొడి టైరు తక్కువ. అట్టి వేళ వారు కత్తెరవంటి పనిముట్టు పట్టి, బురద టైరు బుడిపెల మొనలను ఒక్కొక్కటిగా రెండు మూడు మిల్లీమీటర్లు కత్తిరింతురు. వందలకొలది బుడిపెలు. గడియసేపు కూర్చుండి చేయవలసిన పని. మరల వాన వచ్చినచో ఆ శ్రమయంతయు వృథా. కోసిన రబ్బరును అతికించుటకు లేదు. అందుచేత కత్తెర పట్టకముందు అందరును ఆకాశమువైపు చూతురు.

పోటీలతో పనిలేని సాధారణ వినోదయాత్రికునికి మేకుల టైరు అరుదుగా కావలయును. అతని దారిలో బురద ఒక వంతుండును. మిగిలినది రోడ్డు, గులక, గడ్డి. ఎత్తైన బుడిపెలు గట్టిదారిపై వంగి లేచుటలో అతని బలమును తినివేయును. మలుపులలో బుడిపెలు వంగి సైకిలు తేలినట్లగును. కొద్దివారములలోనే మొనలు అరిగిపోవును. కనుక చాలమంది మధ్యమమార్గమును ఎన్నుకొందురు. ముందు చక్రమునకు నాలుగైదు మిల్లీమీటర్ల బుడిపెలు ఎడముగా నుండి, ప్రక్క బుడిపెలు బలమైన టైరు. వెనుక చక్రమునకు కొంచెము పొట్టి బుడిపెలది. సంవత్సరమున ఒకమారు, శీతకాలపు ఆరంభమున, ముందుదానిని మార్చుకొందురు. అంగడిలోని టైర్లలో అన్ని నేలలకును తగునని చెప్పబడునది, పరిశీలించి చూచినచో, ఏ నేలకును పూర్తిగా తగనిదై యుండును. అయినను దినమునకు నాలుగు రకముల నేల దాటువానికి అదియే చాలును.

బురదలో టైరునకు పట్టు దొరకినంతమాత్రమున దారికి మేలు జరుగదు. బుడిపె గ్రుచ్చిన కొలది నేల చీలును. ఒకే చోట పదిమంది పోయిన పిదప బండిచాలువంటి గాడి పడును. తరువాతి వాన ఆ గాడినే కాలువ చేసికొని మన్నును కొట్టుకొనిపోవును. గాడిని తప్పించుకొనుటకు వచ్చినవారు గట్టుమీదుగా పోయి దారిని వెడల్పు చేయుదురు. చివరకు ఒకరు నడచు బాట పదడుగుల బురదగుంటయగును. అమెరికాలో పలుచోట్ల వానల తరువాత కొండదారులను కొన్నినాళ్లు మూసివేయుట వాడుక. వేల్సులోని కోయిడ్ వై బ్రెనిన్ అను అడవిలో వేరొక మార్గము త్రొక్కిరి. 1990వ దశకమున అచ్చట సైకిళ్ల కొరకే బాటలు నిర్మించి, వానిపై రాయి పరచిరి. నీరు ప్రక్కలకు పోవునట్లు వాలు పెట్టిరి. బ్రిటనులో తరువాత వచ్చిన అనేక సైకిలు వనములకు అది మాదిరియైనది. జోరువాన కురియుచున్నను ఆ బాటలో బురద నిలువదు. ఎత్తైన మేకు బుడిపెలు బిగించుకొని అచ్చటికి వచ్చినవాడు రాతిపై టకటకమను చప్పుడుతో, పొట్టి బుడిపెలవారందరికిని వెనుక, చెమటలు కార్చుచు కొండ ఎక్కుచుండును.